సమయానికి దేవుడిలా వచ్చావు



ఇంట్లో నలుగురు చుట్టాలున్నారు. పొయ్యి మీద పులుసు సగం ఉడికింది. సరిగ్గా అప్పుడే గ్యాసయిపోయింది. ఏం చేయాలో తోచక ఇంటావిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది. పక్కింటి కుర్రాడు చూశాడు. అడక్కుండానే వాళ్లింట్లో ఉన్న సిలిండరు భుజాన వేసుకొచ్చి బిగించి పెట్టాడు. అప్పుడావిడ ఏమంటుంది? "సమయానికి దేవుడిలా వచ్చావు నాయనా!" అంటుంది. నిన్న రాత్రి వరకూ ఆ కుర్రాడు పాటలు పెట్టి గోల చేస్తున్నాడని తిట్టుకున్నది ఆవిడే. ఇవాళ వాడు దేవుడయ్యాడు.

ఈ మాట మనం ఎన్నిసార్లు అన్నామో, ఎన్నిసార్లు విన్నామో! సమయానికి దేవుడిలా వచ్చావు. ఇవాళ్టి నా ప్రసంగానికి ఈ మాటే ఆధారం. అందుకే ముందుగా చెప్పాను. మళ్లీ చెప్పాను కూడా. రేడియోలో వెనక్కి తిప్పి చదువుకోవడం కుదరదు కదా!

రోజువారీ బతుకులో దైవం మనకు దారి చూపిస్తుందా? చూపిస్తే అది దైవం చూపించిందని ఎలా తెలుస్తుంది? తెలిశాక, నమ్మి అడుగు వేయడమెలా? ఇదీ విషయం. నేను స్వామీజీని కాను. ఉపాసనలు తెలిసినవాణ్ణి కాను. కోనసీమలో ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన బడిపంతుల్ని. నాకు తెలిసినవి మాటలు. అందుకని మాటల దగ్గర్నుంచే మొదలుపెడతాను.

"తోచింది" అని ఒక మాట ఉంది మనకి. "నాకు తోచింది" అంటాం. "నేను తోచుకున్నాను" అని ఎవరూ అనరు. అంటే అది మనం చేసిన పని కాదు. ఎక్కడి నుంచో వచ్చింది, మనకు తోచింది. అలాగే "బుద్ధి పుట్టింది" అంటాం. ఎవరు పుట్టించారు? చెప్పం. "ఎందుకో మనసొప్పలేదు" అంటాం. అక్కడ మనసు మనం కాదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి. ఆయన ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోకపోతే పెళ్లి సంబంధమైనా సరే, వెనక్కి వెళ్లిపోతుంది. చదువురాని మా మామ్మ కూడా ఇలాగే మాట్లాడేది. లోపల ఇంకెవరో ఉన్నారని మన భాష ఎప్పుడో ఒప్పేసుకుంది. మనమే మాట వాడుతూ, అర్థం మరిచిపోయాం.

మామ్మ అన్నాను కాబట్టి ఆవిడ సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఏ నిర్ణయం తీసుకోవాలన్నా దేవుడి దగ్గర పొట్లాలు వేసేవారు. మీలో చాలామంది ఇళ్లల్లో చూసే ఉంటారు. ఒక కాగితంలో ఎర్రపువ్వు, ఒక కాగితంలో తెల్లపువ్వు. రెండూ ఒకేలా మడతపెట్టి దేవుడి పటం ముందు వేస్తారు. ఇంట్లో చిన్నపిల్లనో, పిల్లాణ్ణో పిలిచి ఒకటి తీయమంటారు. ఎర్రపువ్వు వస్తే సరే. తెల్లపువ్వు వస్తే వద్దు. మా ఇంట్లో ఆ పిల్లాణ్ణి నేనే.

మా చిన్నత్తకి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడు. కట్నం పెద్దగా అడగలేదు. మామ్మకి బాగా నచ్చింది. పొట్లాలు వేశారు. నేను తీశాను. తెల్లపువ్వు వచ్చింది. గదిలో అందరూ మౌనమైపోయారు. మామ్మ మొహం వాడిపోయింది. మామ్మ ఒక్క క్షణం ఆలోచించి, "మూడుసార్లు తీయాలర్రా, అదీ శాస్త్రం" అంది. అంతకుముందు ఆ శాస్త్రం మా ఇంట్లో ఎవరూ వినలేదు. రెండోసారి తీశాను. మళ్లీ తెల్లపువ్వే. మామ్మ నా వంక చూసి, "వీడు ఇవాళ స్నానం చేశాడా?" అంది. నేను స్నానం చేసి వచ్చాను. మూడోసారి ఎర్రపువ్వు వచ్చింది. "చూశారా!" అంది మామ్మ. పెళ్లయింది. చిన్నత్త సుఖంగానే కాపురం చేసింది.

చిన్నప్పుడు ఇది తల్చుకుని నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు కాస్త వేరుగా అనిపిస్తుంది. మామ్మ దేవుణ్ణి మోసం చేయలేదు. తెల్లపువ్వు వచ్చినప్పుడు తన మొహం వాడిపోయింది చూశారూ, జవాబు ఆవిడకు అప్పుడే తెలిసిపోయింది. పొట్లం దేవుడి మనసు చెప్పిందో లేదో నాకు తెలియదు. మామ్మ మనసు మాత్రం మామ్మకి చెప్పింది. బల్లి పలికితే సత్యమనడం, ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరడం, ఇవన్నీ కూడా నా లెక్కలో అంతే. కాసేపు ఆగమంటాయి. ఆగినప్పుడు మనసు బయటపడుతుంది. అంతకుమించి వాటి మీద బరువు పెడితే అవి మోయలేవు.

మోయలేవని నాకెలా తెలుసు? బరువు పెట్టి చూశాను కాబట్టి.

పదిహేనేళ్ల కిందట ఒకాయన నాకు ఇంటిస్థలం చూపించాడు. పట్నానికి దగ్గర. ధర తక్కువ. నేను వెంకటేశ్వరస్వామి భక్తుణ్ణి. ఆయన నన్ను తీసుకెళ్లింది శనివారం. ఆయన పేరు కూడా ఆ స్వామి పేరే. ఇక ప్లాటు నంబరు ఎంతనుకున్నారు? ఏడు! శనివారం, స్వామి పేరు, ఏడుకొండలు. ఒళ్లు పులకరించింది నాకు. ఇంతకన్నా స్పష్టంగా స్వామి ఇంకేం చెబుతాడు? మా ఆవిడ ఒకే ఒక్క మాటంది. "కాగితాలు ఎవరికైనా చూపిద్దామండీ" అంది. "దేవుడు చూపించాక కాగితాలేమిటి?" అన్నాను. బయానా ఇచ్చేశాను. తర్వాత మిగతా డబ్బూ ఇచ్చాను. ఆ స్థలం నాకంటే ముందే ఇంకో ఇద్దరికి అమ్మేశారని తరవాతెప్పుడో తెలిసింది.

ఇందులో స్వామి తప్పేమీ లేదు. ఆ స్థలం దగ్గరికి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనప్పటికే ఇల్లు కట్టేసుకున్నాను. మేడ మీద తులసికోట ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాను. కొనాలన్న ఆశ ముందు పుట్టింది. గుర్తులు తర్వాత దొరికాయి. ఆ రోజు మంగళవారమై, ప్లాటు నంబరు తొమ్మిదైతే, ఆంజనేయస్వామి వారమనీ నవగ్రహాలనీ అనుకునేవాణ్ణి. నిజంగా దైవం మాట్లాడింది ఆ రోజు. మా ఆవిడ నోట మాట్లాడింది. "కాగితాలు చూపిద్దామండీ" అని. అందులో పులకింత లేదు. అందుకని నాకు వినబడలేదు.

కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు సరిగ్గా నాలాగే మాట్లాడతాడు. ఆశ్రమంలో శకుంతలను చూస్తాడు. మునికన్య, తాను రాజు. ఈమెను కోరవచ్చా అని సందేహం. వెంటనే సమాధానం చెప్పేసుకుంటాడు. సందేహం వచ్చినచోట మంచివాళ్లకు మనసే ప్రమాణమని. ఎంత గొప్ప మాట! ఎన్నో ఏళ్లు క్లాసులో గొంతెత్తి చెప్పాను. కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఐదో అంకంలో ఆమె కడుపుతో వచ్చి సభలో నిలబడితే, ప్రమాణమనుకున్న ఆ మనసే గుర్తుపట్టలేదు. శాపం వల్లే అనుకోండి. అయినా నాకు కాళిదాసు మీద అనుమానం. ఆ మాట మొదటి అంకంలో ప్రేమలో పడినవాడి చేత పలికించడం ఊరికే కాదేమో.

మనుస్మృతి కూడా మనసుకు చోటిచ్చింది. ధర్మం తెలుసుకోవడానికి వేదం, స్మృతి, మంచివాళ్ల నడవడి, ఆ తర్వాత తన మనసుకు తృప్తి. వరుసలో మనసు నాలుగోది. చివర్న. నేను ప్లాటు కొన్నప్పుడు దాన్ని ముందుకు తోసేశాను. మంచివాళ్ల నడవడి అంటే ఆ రోజు మా ఆవిడ.

మరి లోపలి స్వరం నిజంగా ఉంటుందా? ఉంటుందని గట్టిగా చెప్పినవాడు ఒకాయన మనకి తెలిసినవాడే. మహాత్మా గాంధీ. 1933లో ఆయన పుణేలో ఎరవాడ జైల్లో ఉన్నాడు. అరవై మూడేళ్ల వయసు. అంటరానితనం మీద పోరాటం నడుస్తోంది. ఒకరోజు అర్ధరాత్రి వేళ లోపల్నుంచి స్వరం వినిపించిందన్నాడు. 21 రోజులు నిరాహారంగా ఉండమని. ఆత్మశుద్ధి కోసం. మే 8న ఉపవాసం మొదలుపెట్టాడు. ప్రభుత్వం ఆ రోజే విడుదల చేసింది. ఆయన బయటికొచ్చి, పుణేలోనే ఒక ఇంట్లో ఉపవాసం పూర్తి చేశాడు.

చాలామంది ఆయన్ని నిలదీశారు. అది దేవుడి మాటో, మీ భ్రమో ఎలా తెలుసని. దానికాయన హరిజన్ పత్రికలో జవాబు రాశాడు. రూపమేదీ కనబడలేదన్నాడు. స్వరం వినబడేముందు లోపల పెద్ద పెనుగులాట జరిగిందన్నాడు. విన్నాడు, ఇది ఆ స్వరమేనని రూఢి చేసుకున్నాడు, పెనుగులాట ఆగిపోయింది. ఇంకో సంగతి కూడా ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. లోపలి స్వరం విన్నానని చెప్పుకునే హక్కు అందరికీ రాదని. దానికి ముందు ఎంతో నియమం, ఎంతో వినయం కావాలని.

ఆయన మాట ఒప్పుకోవాలని నేను మిమ్మల్ని బలవంతం చేయను. కానీ ఒక తేడా గమనించండి. గాంధీగారికి వినిపించిన స్వరం అన్నం మానేయమంది. నాకు వినిపించింది ప్లాటు కొనుక్కోమంది.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి రెండు మాటలు చెబుతాడు. శ్రేయస్సు, ప్రేయస్సు. మేలు చేసేది ఒకటి, ఇష్టమైనది ఒకటి. రెండూ మనిషి దగ్గరికి వస్తాయి. నాకు ఇన్నేళ్లకు తెలిసింది చెబుతాను. ప్రేయస్సు తొందరపెడుతుంది. ఇవాళే బయానా ఇచ్చేయమంటుంది. రేపైతే ఇంకెవరో కొనేస్తారంటుంది. శ్రేయస్సు తొందరపెట్టదు. ఒకసారి చెబుతుంది. మీరు వినకపోతే మళ్లీ వచ్చి చెబుతుంది. నెల తర్వాత వచ్చి మళ్లీ చెబుతుంది. అదే మాట, అదే గొంతుతో.

మా బళ్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. ముస్లిం. ఏదైనా తేలని విషయముంటే ఇస్తిఖారా చేసేవారు. రెండు రకాత్‌ల నమాజు చదివి, ఇది నాకు మంచిదైతే సులువు చెయ్యి, చెడ్డదైతే నా నుంచి దూరం చెయ్యి, ఏది మంచిదో దానితో నాకు తృప్తినివ్వు అని అడగడం. "కలలో ఏమైనా కనబడుతుందా మాస్టారూ?" అని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, "కల కోసం పడుకుంటే నిద్ర పడుతుందేమో గానీ, పని కాదండీ. అడిగి, లేచి, పని మొదలుపెట్టడమే" అన్నారు. అడిగి, లేచి, పని మొదలుపెట్టడం. ఈ మాట కాసేపు మనసులో ఉంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక పోతన. పోతన లేకుండా తెలుగు మాస్టారు దేవుడి గురించి మాట్లాడడం కుదరదు. బమ్మెర పోతన చంద్రగ్రహణం రాత్రి నదీస్నానానికి వెళ్లి, ఇసుకతిన్నె మీద ధ్యానంలో కూర్చుంటే, శ్రీరాముడు కనిపించి భాగవతాన్ని తెలుగు చేయమన్నాడని ఆయనే చెప్పుకున్నాడు. తను రాస్తున్నది తనది కాదని, పలికించేవాడు వేరే ఉన్నాడని కూడా చెప్పుకున్నాడు. ఇది ఆయన గ్రంథంలోని సంగతి.

జనం చెప్పుకునే కథ ఇంకొకటుంది. గజేంద్రమోక్షంలో ఏనుగు మొర పెడుతోంది. అది వైకుంఠంలో విష్ణువుకి వినబడాలి. ఆ వైకుంఠం ఎలా ఉంటుందో పద్యంలో చెప్పాలి. పోతనకు తోచలేదు. పద్యం మొదలుపెట్టి ఆగిపోయాడు. ఘంటం పక్కన పెట్టి బయటికి వెళ్లాడు. కాసేపటికి ఆయనే తిరిగొచ్చినట్టుగా వచ్చి, పద్యం పూర్తిచేసి వెళ్లిపోయాడు ఎవరో. పోతన వచ్చి చూస్తే పద్యం నిండుగా ఉంది. "ఇది ఎవరు రాశారమ్మా?" అని కూతుర్ని అడిగాడు. "నువ్వే కదా నాన్నా, ఇందాక వచ్చి రాసి వెళ్లావు" అంది ఆ పిల్ల.

ఈ కథ విని మనం రాముడొచ్చాడని చేతులెత్తి మొక్కుతాం. మొక్కాలి. కానీ నేను రెండు చిన్న విషయాల దగ్గర ఆగిపోతాను. ఒకటి, ఆ ఒక్క పద్యానికే రాముడొచ్చాడు. పోతన తన మిగతా వేల పద్యాలూ తనే కూర్చుని రాసుకున్నాడు. ఎవరూ వచ్చి ఘంటం పట్టుకోలేదు. చేతనైనంతా చేసి, ఇక చేతకాదన్న చోట లేచినవాడి కోసం వచ్చాడు. రెండోది నాకు ఇంకా ఇష్టం. రాముడు రాముడిలా రాలేదు. విల్లంబులు పట్టుకుని, కిరీటం పెట్టుకుని రాలేదు. పోతనలా వచ్చాడు. ఆ ఇంట్లో రోజూ కనబడే మనిషిలా వచ్చాడు. అందుకే ఆ పిల్ల గుర్తుపట్టలేదు. ఆ పిల్లే కాదు, మనమైనా గుర్తుపట్టం. దేవుడు దేవుడి వేషంలో వస్తాడని ఎదురుచూస్తూ కూర్చుంటాం. ఆయన సిలిండరు మోసుకుంటూ వస్తాడు.

ఇప్పుడు మా కోనసీమ కథ. మా ప్రాంతంలో ఇది తెలియని ఇల్లు ఉండదు. డొక్కా సీతమ్మగారు.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరానికి డొక్కా జోగన్నగారి భార్యగా వచ్చారు. లంకల గన్నవరం చుట్టూ గోదావరి పాయలు. వైనతేయ పాయ దాటి అటూ ఇటూ తిరిగే బాటసారులు. పడవ దిగేసరికి పొద్దుపోతుంది. ఆకలి. హోటళ్లు లేని కాలం. ఎవరొచ్చినా ఆ ఇంట్లో అన్నం. ఏ వేళకొచ్చినా అన్నం. కులం అడగడం లేదు, ఊరు అడగడం లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి రాజేసేవారట. ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు. జీవితమంతా.

అన్నం పెట్టే ఇంటికి సెలవుండదు. ఆవిడ ఇల్లు కదిలేవారు కాదు. కానీ ఒక కోరిక ఉండేది. అంతర్వేది వెళ్లి లక్ష్మీనరసింహస్వామిని చూడాలని. ఎంత దూరమని అంతర్వేది? కోనసీమలోనే, గోదావరి సముద్రంలో కలిసే చోటు. మనకిప్పుడు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగొచ్చే దూరం. ఆవిడకు ఏళ్ల తరబడి కుదరలేదు. చివరికి ఒకసారి ఎలాగో బయల్దేరారు. దారిలో కాసేపు ఆగారు. ఆ పక్కగా ఒక పెళ్లివారి గుంపు వెళుతోంది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. "ఇంకొంచెం ఓర్చుకోండర్రా. గన్నవరం వచ్చేస్తోంది. సీతమ్మగారింటికి వెళితే కడుపునిండా అన్నం పెడుతుంది."

ఈ మాట సీతమ్మగారి చెవిన పడింది.

వాళ్లు వెళుతున్నది ఆవిడ ఇంటికి. ఆవిడ ఇంట్లో లేరు. దారిలో ఉన్నారు. ముందు నరసింహస్వామి. వెనక ఆకలిగా ఉన్న పిల్లలు. ఆవిడ ఆలోచించలేదంటారు. వెనక్కి తిప్పమన్నారు. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి, వంట చేసి, వాళ్లు వచ్చేసరికి విస్తళ్లు వేసి పెట్టారు.

ఈ కథ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. పల్లకీ అంటారు కొందరు, పడవ అంటారు కొందరు. అది కాదు ముఖ్యం. ఆ తల్లి దేవుణ్ణి చూడ్డానికి బయల్దేరింది. దారిలో దేవుడి మాట వినబడింది. ఏమని వినబడింది? "అన్నం పెడుతుంది" అని. ఎవరి నోట వినబడింది? ముక్కూ మొహం తెలియని పెళ్లివారి నోట. ఇది దైవాజ్ఞా కాదా అని పొట్లాలు వేయలేదు ఆవిడ. శకునం చూడలేదు. నా మొక్కు ఏమైపోవాలి అనుకోలేదు. వెనక్కి తిరిగింది.

చెప్పండి, ఆవిడ ఆ రోజు నరసింహస్వామిని చూసినట్టా, చూడనట్టా?

చూసినట్టే అంటాను నేను. దైవం చూపే దారి గురించి నాకు ఎవరైనా ఒకే ఒక్క కథ చెప్పమంటే ఇదే చెబుతాను. మనం ఒక దారిన పోతుంటాం. మంచి దారే. గుడికి పోయే దారే. మధ్యలో ఇంకొకరి అవసరం అడ్డొస్తుంది. మనం దాన్ని అడ్డమనుకుంటాం. సీతమ్మగారు దాన్నే దారి అనుకున్నారు.

సీతమ్మగారు 1909లో కాలం చేశారు. వైనతేయ మీద అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ బళ్లలో పిల్లలకు పెట్టే మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే. ఆకలితో ఏడ్చిన పిల్లల కోసం వెనక్కి తిరిగిన మనిషి పేరు బడిపిల్లల కంచం దగ్గరికి చేరింది. ప్రభుత్వాలు పెట్టే పేర్లలో ఇంత బాగా కుదిరిన పేరు నాకు ఇంకొకటి కనబడలేదు.

రేడియోలో మాట్లాడుతున్నాను కదా, దేవుడి మాట వినడాన్ని స్టేషను ట్యూన్ చేసుకోవడంతో పోల్చాలని మొదట అనుకున్నాను. ముల్లు తిప్పడం, గరగర, అందులోంచి పాట. బాగానే ఉంటుంది. కానీ చెప్పను. ఎందుకంటే స్టేషను మనం కోరుకున్నది పెట్టుకుంటాం. నా అనుభవంలో దేవుడు మనం కోరిన కార్యక్రమం వినిపించలేదు. అది చెప్పి ముగిస్తాను.

నాకొక తమ్ముడున్నాడు. నాన్న పోయాక పంపకాలు జరిగాయి. పొలం దగ్గర పేచీ రాలేదు. ఇంటి దగ్గర రాలేదు. సరిహద్దులో రెండు కొబ్బరిచెట్లున్నాయి. నావని నేను, తనవని వాడు. కోనసీమలో పుట్టినవాళ్లకి కొబ్బరిచెట్టంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మాట మాట పెరిగింది. నేనొక మాటన్నాను. అనకూడని మాట. నాలుగేళ్లు మాటల్లేవు. వాడి కూతురి పెళ్లికి నేను వెళ్లలేదు.

ఆ నాలుగేళ్లూ నేను రోజూ దేవుడి గదిలో కూర్చునేవాణ్ణి. మోకాళ్ల నొప్పి తగ్గించమని అడిగేవాణ్ణి. మా అబ్బాయికి వీసా ఇప్పించమని అడిగేవాణ్ణి. సంధ్యవేళ మా ఆవిడ దీపం పెడుతుంది. నేను కళ్లు మూసుకుంటాను. స్వామి రూపం నిలుపుకుందామని చూస్తాను. స్వామి రాడు. తమ్ముడి మొహం వస్తుంది. తల విదిలించుకుని మళ్లీ కూర్చుంటాను. మళ్లీ తమ్ముడే. "ధ్యానం కుదరడం లేదోయ్, ఏదో అడ్డం వస్తోంది" అని మా ఆవిడతో చెప్పేవాణ్ణి. ఎంత చదువుకున్నా ఏం లాభం చెప్పండి! పోతన కథ వేల మంది పిల్లలకు చెప్పాను. సీతమ్మగారి కథ చెప్పాను. నా దాకా వచ్చేసరికి అడ్డమనే అనుకున్నాను. మోకాళ్ల గురించి అడుగుతుంటే తమ్ముణ్ణి చూపిస్తున్నాడు. వీసా గురించి అడుగుతుంటే తమ్ముణ్ణి చూపిస్తున్నాడు. అదే జవాబని నాకు తెలియడానికి అన్నేళ్లు పట్టింది.

తెలిశాక కూడా ఫోను చేయలేదు. వాడు ఎత్తకపోతే? ఎత్తి ఏదైనా అంటే? నేనేమనాలి, వాడేమంటాడు, దానికి నేనేమనాలి. ఇలా రోజులు గడిచాయి.

అప్పుడొక పాత సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు. దానికి డైనమో లైటు. రాత్రిపూట కాలవగట్టు మీద నేను తొక్కుతుంటే వాడు వెనక క్యారేజీ మీద కూర్చునేవాడు. డైనమో సంగతి మీకు తెలుసు. టైరుకి ఆనుకుని తిరుగుతుంది. తొక్కినంతసేపూ వెలుగు. ఆపితే చీకటి. ఒకరాత్రి ముందు ఏదో కదిలినట్టనిపించి, అదేమిటో చూసి పోదామని సైకిలాపాను. లైటారిపోయింది. కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడలేదు. వెనకనుంచి వాడు అరిచాడు. "ఆపకన్నయ్యా! తొక్కు! తొక్కితేనే కదా లైటు!"

ఆగి దారంతా చూసుకుని బయల్దేరదామంటే ఆ లైటు ఒప్పుకోదు. తొక్కాలి. నాలుగు గజాలు కనబడుతుంది. అంత దూరం పోతే ఇంకో నాలుగు గజాలు. లెక్కల మాస్టారు చెప్పింది కూడా ఇదే కదా. అడిగి, లేచి, పని మొదలుపెట్టడం.

ఫోను చేశాను. వాడే ఎత్తాడు. "నేనురా" అన్నాను. అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు. పెట్టేశాడేమో అనుకున్నాను. తర్వాత అన్నాడు.

"అన్నం తిన్నావా అన్నయ్యా?"

నాలుగేళ్ల తర్వాత మొదటి మాట అది. నేను తిన్నానో లేదో నాకే గుర్తు రాలేదు.

నా మోకాళ్లు ఇప్పటికీ నొప్పే. మా అబ్బాయి వీసా సంగతి ఇంకా తేలలేదు. ఆ రెండు కొబ్బరిచెట్లు ఎవరివో కూడా తేల్చుకోలేదు మేము. కాయలు మాత్రం రెండిళ్లకీ వస్తున్నాయి.

నేను మాట్లాడుతుండగా మీలో కొందరికి ఎవరిదో ఒక మొహం కళ్లముందుకు వచ్చి ఉంటుంది. ఇందాకట్నుంచీ వస్తూనే ఉండి ఉంటుంది. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నర కావస్తోంది. వాళ్లింకా పడుకుని ఉండరు. ఈ రేడియో కట్టేసి, ఫోను అందుకోండి.